ఈల వేసే రెండు పిట్టలు, ఒక సలీం అలీ

భారతదేశంలో అచ్చం మనిషిలా ఈల వేసే పిట్టలు రెండు రకాలున్నాయి. ఒకటి పడమటి కనుమల్లో ఉంటుంది, ఇంకోటి హిమాలయాల్లో. రెండూ ముదురు రంగువే, రెండింటిలోనూ నీలం మెరుస్తుంది. కొండవాగుల పక్కన రాళ్ల మీద తిరుగుతూ, తెల్లవారక ముందే లేచి ఈల అందుకుంటాయి. పక్షుల గురించి తెలియని వాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తుంది. పుస్తకాల్లో మాత్రం ఒకటి మలబార్ విజిలింగ్ థ్రష్, రెండోది బ్లూ విజిలింగ్ థ్రష్.

ఒకే పోలిక ఉన్న రెండు ప్రాణులను వేర్వేరని ఎలా చెప్పాలి? చూసి చెప్పాలా, విని చెప్పాలా, పెద్దవాళ్లు రాసిందే నమ్మాలా? ఈ ప్రశ్నల వెంట జీవితమంతా నడిచిన మనిషి డాక్టర్ సలీం అలీ. భారతదేశపు బర్డ్‌మ్యాన్‌గా ఆయన పేరు చాలామందికి తెలుసు. దేశీ సంస్థానాల్లో ఆయన చేసిన పక్షుల సర్వేలకు నిజాం ఏలుబడిలోని మన హైదరాబాద్ రాజ్యమే తొలి మెట్టు. ఈ మాట మాత్రం మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

పసుపు గొంతు పిచ్చుక

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. వాళ్లది సులైమానీ బోహ్రా కుటుంబం. ఇంట్లో పిల్లలందరికంటే చిన్నవాడు సలీం. ఏడాది వయసులో తండ్రి పోయారు, మూడేళ్లకు తల్లి జీనతున్నీసా కూడా పోయారు. ఆ యతీమ్ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఇంటికి తెచ్చుకుని పెంచారు. వాళ్లకు సొంత పిల్లలు లేరు. స్వాతంత్ర్య సమరంలో పేరు పొందిన అబ్బాస్ తయ్యబ్జీ కూడా సలీంకు మామ వరసే.

ఆ రోజుల్లో అలాంటి కుటుంబాల్లో వేట మామూలు సంగతి. మేనమామ కొనిచ్చిన గాలి తుపాకీతో సలీం పిచ్చుకలను కొట్టేవాడు. పదేళ్లు అటూ ఇటూ వయసులో ఒకరోజు కొట్టిన పిచ్చుకకు గొంతు దగ్గర పసుపు మచ్చ కనిపించింది. రోజూ ఇంటి చూరులో కనిపించే పిచ్చుకకు అలాంటి మచ్చ ఉండదు. ఇలాంటి పిట్టను ముస్లింలు తినవచ్చా అని పిల్లాడికి అనుమానం వచ్చింది. వంటవాడికి ఇవ్వకుండా తీసుకెళ్లి మామకు చూపించాడు. మామకూ తెలియలేదు. ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కు ఉత్తరం రాసి పిల్లాడిని అక్కడికి పంపించారు.

1883లో మొదలైన ఆ సంస్థలో అప్పట్లో పెత్తనమంతా తెల్లవాళ్లదే. సలీం భయంభయంగానే లోపల అడుగుపెట్టాడు. మిల్లార్డ్ కసురుకోలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని పేరు చెప్పి, సొరుగులు తెరిచి, దూది కూరి భద్రపరిచిన వందల పిట్టలను ఓపిగ్గా చూపించారు. చదవమని పుస్తకాలూ ఇచ్చారు. తినవచ్చా లేదా అని మొదలైన అనుమానం అక్కడ మరో ప్రశ్నగా మారింది. ఒకేలా కనిపించే పిట్టల్లో ఇన్ని రకాలుంటే, వాటిని విడదీసి గుర్తుపట్టడం ఎలా?

బడిలో వెనక, అడవిలో ముందు

సలీం చదువులో మెరిసిన పిల్లాడు కాదు. తలనొప్పులు వేధించడంతో బడి మధ్యమధ్యలో ఆగిపోయేది. 1913లో మెట్రిక్ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. కాలేజీలో చేరినా నిలవలేదు. కుటుంబానికి బర్మాలోని తవోయ్ ప్రాంతంలో టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉంటే వాటిని చూసుకోవడానికి అక్కడికి పంపించారు. వ్యాపారం కలిసిరాలేదు. చుట్టూ ఉన్న అడవులు మాత్రం ఆయనకు అసలైన బడి అయ్యాయి.

మధ్యలో బొంబాయి వచ్చినప్పుడు సెయింట్ జేవియర్స్ కాలేజీలోని ఫాదర్ బ్లాటర్ ఈ కుర్రాడి మనసు ఎక్కడుందో పసిగట్టి జంతుశాస్త్రం చదవమని ఒప్పించారు. 1918 డిసెంబర్‌లో దూరపు బంధువుల అమ్మాయి తెహ్మీనాతో నికాహ్ అయింది. 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 350 రూపాయలు. ఆ కాలానికి అది మంచి జీతమే.

కానీ తనకు తెలిసింది చాలదని ఆయనకు అర్థమైంది. సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ ష్ట్రేజెమాన్ దగ్గర పని నేర్చుకున్నారు. జీవితాంతం ఆయన్నే ఉస్తాద్‌గా భావించారు. 1930లో తిరిగి వస్తే బొంబాయిలో ఉద్యోగం లేదు. డబ్బులు లేవని మ్యూజియం ఆ పోస్టునే తీసేసింది. విదేశంలో శిక్షణ పొందిన ముప్పై మూడేళ్ల మనిషి, పెళ్లయినవాడు, పని లేకుండా మిగిలారు.

ఖర్చు తగ్గుతుందని దంపతులు సముద్రం ఒడ్డున ఉన్న కిహిమ్ అనే పల్లెకు మారారు. అక్కడ ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుతుంటే సలీం అలీ రోజూ కూర్చుని గమనించారు. మగపిట్ట గూడు సగం దాకా అల్లుతుంది. ఆడపిట్టలు వచ్చి గూడును పరీక్షగా చూస్తాయి. ఒకదానికి నచ్చితే అది అందులో చేరుతుంది, మగది మిగతా గూడు పూర్తిచేస్తుంది. ఆ తర్వాత అదే మగపిట్ట పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. అప్పటిదాకా ఈ వ్యవహారాన్ని ఇంత వివరంగా ఎవరూ రాయలేదు. ఉద్యోగం పోయిన రోజుల్లో చేసిన ఆ పనే పక్షి శాస్త్రంలో ఆయనకు పేరు తెచ్చింది.

నిజాం రాజ్యంలో ఎడ్లబండ్ల మీద

అప్పటికి బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల పక్షుల గురించి కొంత తెలుసు. సంస్థానాల సంగతి చాలావరకు తెలియదు. సలీం అలీ ఒక ప్రతిపాదన పెట్టారు. తనకు జీతం వద్దు, గుడారాలకు, ప్రయాణానికి అయ్యే ఖర్చు భరిస్తే చాలు, రాజ్యంలోని పక్షులన్నిటినీ లెక్కకట్టి ఇస్తానన్నారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాద్ ప్రభుత్వం దీనికి ఒప్పుకుంది. అలా 1931-32లో హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే జరిగింది.

ఆనాటి రాజ్యం అంటే ఇప్పటి తెలంగాణ ఒక్కటే కాదు. అటు ఔరంగాబాద్ దాకా మరాఠ్వాడా, ఇటు గుల్బర్గా, రాయచూర్ వైపు కన్నడ ప్రాంతం కూడా అందులోవే. ముళ్లపొదల మెట్టలు, గోదావరి పక్క టేకు అడవులు, నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి, అన్నీ తిరగాలి. రోడ్లు తక్కువ. సామానంతా ఎడ్లబండ్ల మీద కదిలేది. మంచి సౌకర్యాల మధ్య పెరిగిన తెహ్మీనా భర్తతో పాటు ఆ గుడారాల్లోనే ఉండి మకాం పనులు చూసుకునేది. ఆమె తోడు లేకపోతే ఆ సర్వేలు అంత సాఫీగా సాగేవి కావు. సర్వే ఫలితాలు 1933, 34 సంవత్సరాల్లో బాంబే సొసైటీ పత్రికలో ఐదు భాగాలుగా వచ్చాయి. వాటికి నోట్సు రాసింది ఇంగ్లండ్‌కు చెందిన ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్.

ఈ విస్లర్‌తో సలీం అలీ పరిచయం ఒక తగువుతో మొదలైంది. మన ఊళ్లలో పసుల పోలిగాడు అనే నల్లపిట్ట ఉంటుంది కదా, దానికి అడవిలో ఒక చుట్టం ఉంది. తోక నుంచి రెండు పొడవైన కాడలు, వాటి చివర చిన్న తెడ్డులాంటి ఈకలు వేలాడుతుంటాయి. ఆ తెడ్డు భాగం కాడకు బయటివైపు ఉంటుందని పాత పుస్తకాలు రాశాయి, విస్లర్ కూడా అలాగే రాశారు. సలీం అలీ పిట్టను చేతిలోకి తీసుకుని చూశారు. తెడ్డు నిజానికి లోపలివైపుదే. కాడ మెలితిరిగి ఉండటం వల్ల బయటివైపుదిలా కనిపిస్తోంది. ఆ మాట ఆయన పత్రికలో రాశారు. పేరూ ఊరూ తెలియని ఒక హిందుస్తానీ తన తప్పు ఎత్తిచూపడం విస్లర్‌కు మొదట నచ్చలేదు, సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాశారు. ఆ తర్వాత తన దగ్గరున్న నమూనాలను మళ్లీ తీసి చూసుకుని తప్పు ఒప్పుకున్నారు. అక్కడి నుంచి ఇద్దరూ ఆప్తమిత్రులయ్యారు.

ఆ రోజుల్లో ఒక భారతీయుడు తెల్లవాళ్ల పుస్తకాన్ని తప్పుపట్టడం చిన్న విషయం కాదు. సలీం అలీ గొంతు పెంచలేదు, పిట్టను చూపించారు. ఆయన పద్ధతి చివరిదాకా ఇదే.

రెండు పిట్టల లెక్క

మళ్లీ ఈల వేసే పిట్టల దగ్గరికి వద్దాం. సలీం అలీ హైదరాబాద్ తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు సంస్థానాల్లో పనిచేశారు. హిమాలయాల్లో, సిక్కింలో ఏళ్ల తరబడి తిరిగారు. 1945లో కైలాస మానస సరోవరం దాకా వెళ్లివచ్చారు. అంటే మలబార్ పిట్ట ఉండే కొండలూ, నీలి పిట్ట ఉండే కొండలూ రెండూ ఆయన కాలినడకన చూసినవే.

మొదటి తేడా సైజులో. మలబార్ పిట్ట దాదాపు 25 సెంటీమీటర్లు, అంటే మన గోరింక కంటే కాస్త పెద్దది. హిమాలయాల పిట్ట 30 సెంటీమీటర్లు దాటుతుంది, ఇంచుమించు పావురమంత ఉంటుంది. రెండో తేడా ముక్కు. మలబార్ పిట్టకు ముక్కు నలుపు. హిమాలయాల్లో కనిపించే రెండో పిట్టకు ముక్కు పసుపు. అదే పిట్ట చైనా వైపు వెళ్తే అక్కడ ముక్కు నల్లగానే ఉంటుంది. అందుకే ముక్కు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

మూడోది నీలం రంగు ఎక్కడ ఉందన్నది. మలబార్ పిట్ట ఒళ్లంతా నల్లగా ఉండి, నుదుటి మీద, భుజాల మీద మాత్రం మెరిసే నీలం పట్టీ ఉంటుంది. వెలుతురు ఏటవాలుగా పడితేనే అది బాగా తెలుస్తుంది, నీడలో ఉత్త నల్లపిట్టే. హిమాలయాల పిట్ట ఒళ్లంతా ముదురు ఊదా నీలం. దాని మీద చమ్కీలు చల్లినట్టు మెరిసే చుక్కలుంటాయి. మలబార్ పిట్టకు ఆ చుక్కలు ఉండవు.

ఇక పాట. రెండూ వాగు హోరును దాటి వినిపించేలా గట్టిగా ఈల వేస్తాయి. మలబార్ పిట్ట ఈల మరీ విచిత్రంగా ఉంటుంది. పాట సగమే వచ్చిన పిల్లాడు దారిన పోతూ తోచినట్టు ఈల వేసుకుంటున్నట్టే ఉంటుంది. అందుకే తెల్లవాళ్లు దానికి ఈల వేసే బడిపిల్లాడు అని ముద్దుపేరు పెట్టారు. వానాకాలంలో పడమటి కనుమల్లో తెల్లవారుజామున ఈ ఈల ఎక్కువగా వినిపిస్తుంది. రెండూ వాగు ఒడ్డు రాతి సందుల్లో నాచు, వేళ్లతో గూడు కడతాయి. పురుగులు, నత్తలు, పీతలు, పండ్లు తింటాయి. హిమాలయాల పిట్ట చలికాలంలో పై ఎత్తుల నుంచి కిందికి దిగి వస్తుంది.

ఇంత దగ్గరి చుట్టాలు ఇంత దూరంలో ఎలా ఉన్నాయి? హిమాలయాలకూ పడమటి కనుమలకూ మధ్య వేడి మైదానాలున్నాయి. అక్కడ కొండవాగుల పిట్టలకు బతుకుతెరువు లేదు. అయినా ఇలాంటి జంటలు పక్షుల్లో, చేపల్లో చాలానే ఉన్నాయి. సుందర్‌లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త దీనికి ఒక జవాబు చెప్పారు. ఒకప్పుడు వాతావరణం చల్లగా, తడిగా ఉన్న రోజుల్లో మధ్య భారతంలోని సాత్పురా కొండల వరుస మీదుగా ప్రాణులు తూర్పు నుంచి పడమటికి సాగి ఉంటాయని ఆయన వాదన. 1949లో సలీం అలీ ఇదే కోణంలో పక్షులను పరిశీలించి ఒక వ్యాసం రాశారు. మలబార్ విజిలింగ్ థ్రష్ నేటికీ పడమటి కనుమల్లోనే కాక సాత్పురా వెంట ఛోటా నాగ్‌పూర్ దాకా కనిపిస్తుంది. తర్వాతి పరిశోధకులు ఈ వాదనను పూర్తిగా ఒప్పుకోలేదు. విజిలింగ్ థ్రష్‌లను కూడా థ్రష్ కుటుంబం నుంచి తీసి ఫ్లైక్యాచర్ల కుటుంబంలో చేర్చారు. తన మాట కూడా ఇలా పరీక్షకు నిలవడం సలీం అలీ పద్ధతికి విరుద్ధమేమీ కాదు.

ఒంటరి ఏళ్లు, పెద్ద పుస్తకాలు

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయింది. ఆయనకు అది కోలుకోలేని దెబ్బ. పిల్లలు లేరు. ఆ తర్వాత చెల్లని ఇంటిలా కాకుండా ఆదరణగా చూసుకున్నది అక్క కమ్మూ, బావ హసన్ అలీ. మళ్లీ పెళ్లి మాట తలపెట్టకుండా ఆయన పనిలో మునిగిపోయారు. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. మామూలు మనుషులు కూడా చేతిలో పట్టుకుని పిట్టలను గుర్తుపట్టేలా రాసిన ఆ పుస్తకం ఇప్పటికీ అమ్ముడవుతోంది. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన భారత, పాకిస్తాన్ పక్షుల గ్రంథం 1968 నుంచి 1974 వరకు పది సంపుటాలుగా వెలువడింది. పూర్తయ్యేసరికి ఆయన వయసు డెబ్బై ఏడు దాటింది.

ఆయన ఎప్పుడూ పుస్తకాల్లో తల దూర్చి కూర్చునే రకం కాదు. మోటార్ సైకిళ్లంటే ప్రాణం. 1950లో స్వీడన్‌లో పక్షి శాస్త్రవేత్తల మహాసభకు తన సన్‌బీమ్ బండిని ఓడలో ఎక్కించుకుని వెళ్లి, యూరప్ రోడ్ల మీద నడిపారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు. మతాచారాల విషయంలో ఆయన నిష్ఠాపరుడు కాదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. పద్మభూషణ్ 1958లో, పద్మవిభూషణ్ 1976లో వచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. గెట్టీ బహుమతిగా వచ్చిన లక్ష డాలర్లను ప్రకృతి సంరక్షణ నిధికి మూలధనంగా పెట్టారు.

కలివికోడి చెప్పిన సంగతి

రెండు పిట్టలకు తేడా తెలిస్తే ఎవరికి లాభం అని అడిగేవాళ్లుంటారు. దానికి జవాబు కడప జిల్లాలో ఉంది. జెర్డన్స్ కోర్సర్ అనే పిట్టను 1900 తర్వాత ఏ శాస్త్రవేత్తా చూడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. సలీం అలీ ఆ ఆశ వదలలేదు. బాంబే సొసైటీ మనుషులు చిత్రపటాలు పట్టుకుని ఊళ్లలో అడుగుతూ తిరిగారు. అక్కడి వాళ్లకు ఆ పిట్ట తెలుసు, దానికి కలివికోడి అనే పేరు కూడా ఉంది. కలివి పొదల్లో రాత్రిపూట తిరిగే ఆ పిట్ట 1986 జనవరిలో మళ్లీ దొరికింది. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. అది ఉండే అడవిని తర్వాత శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఇది వేరే పిట్ట అని గుర్తించి పేరు పెట్టకపోయి ఉంటే, ఆ పొదలను కాపాడమని అడిగే ఆధారమే ఉండేది కాదు.

సలీం అలీ 1987 జూన్ 20న, తొంభై ఏళ్ల వయసులో బొంబాయిలో కన్నుమూశారు. చాలాకాలం కేన్సర్‌తో బాధపడ్డారు.

ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు, 2009లో, అరుణాచల్ కొండల్లో పరిశోధకులు ఒక థ్రష్ పిట్ట పాట విని ఆగిపోయారు. అడవిలో పాడే పిట్ట గొంతు తీయగా ఉంది. అదే రకం అనుకున్న పిట్ట చెట్లు లేని పై ఎత్తుల్లో గరగరమని పాడుతోంది. చూస్తే రెండూ ఒకటే. మ్యూజియంలలోని పాత నమూనాలను కొలిచారు, డీఎన్ఏ పరీక్షించారు. అవి రెండు వేర్వేరు జాతులని తేలింది. 2016లో అడవి పిట్టకు జూథెరా సలీమలీ అని పేరు పెట్టారు. చెవితో విని, చేతితో కొలిచి విడదీసిన పిట్టకు ఆయన పేరే దక్కింది.

మన్సూరాబాద్ చుట్టుపక్కల కొండవాగులు లేవు, ఈల వేసే పిట్టలు రావు. కానీ పక్కనే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పటి నిజాం వేట మైదానం అది. 3,600 ఎకరాలకు పైగా ఉన్న ఆ మెట్ట అడవిలో కృష్ణజింకలు, నెమళ్లు తిరుగుతుంటాయి. సెలవు రోజున పిల్లలను అక్కడికి తీసుకెళ్తే, రెండు పిట్టలు ఒకేలా ఎందుకున్నాయని, నిజంగా ఒకటేనా అని అడుగుతారు. జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. అమీరుద్దీన్ మామకూ తెలియలేదు, కానీ తెలిసిన వాళ్ల దగ్గరికి పంపించారు.